అంకెలున్న వైపు లోపలికి

ఫిబ్రవరి 4

మామయ్య గారికి,

నమస్కారాలు. ఫోన్ చేస్తే మీరు "ఎవరూ" అని నాలుగుసార్లు అరిచి పెట్టేస్తున్నారు కాబట్టి ఉత్తరమే మేలని మీ అమ్మాయి అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు టైర్ల కంపెనీ పరీక్ష ట్రాకు మీద కార్లు తిప్పిన మనిషికి ఆ మాత్రమైనా చెవులు మిగలడమే ఎక్కువట. దీంతోపాటు వచ్చే చిన్న పెట్టెలో కళ్ళజోడు ఉంది. అద్దాలు నేనే అరగదీశాను, ఫ్రేము మీ ముక్కుకి సరిపోయేలా వంచాను. కొట్టులో రోజంతా ఎవరెవరివో ముక్కులు చూస్తుంటాను గానీ, మీది కొలత తీయకుండానే గుర్తుంది.

ఇక అసలు సంగతి. ఈ మధ్య మాకు ఆదివారాలు ఒక సరదా పట్టుకుంది. ఒక పెద్ద గోదాము వెనక ఖాళీ పార్కింగ్ స్థలంలో నారింజ రంగు కోన్లు పెడతారు. ఒక్కో కారూ ఒక్క నిమిషం పాటు వాటి మధ్య మెలికలు తిరిగి రావాలి, పోటీ గడియారంతోనే. కోను తగిలితే రెండు సెకన్లు కలుపుతారు. ఇది కాక అప్పుడప్పుడు రేసు ట్రాకుని ఒక రోజుకి తీసుకుని, ఎవరి కారు వాళ్ళు ఇరవై నిమిషాల చొప్పున తిప్పుకుంటారు. మా చిన్న కారుకి ఏ టైర్లు వేస్తే బాగుంటుందో మీరు చెప్పాలి. రెండు జతలు పెట్టుకునే చోటు మాకు లేదు. వారమంతా నా కొట్టుకీ మీ అమ్మాయి ఆసుపత్రికీ, ఆదివారం కోన్లకీ, ఎప్పుడైనా ట్రాకుకీ అన్నిటికీ అవే టైర్లు.

నేను గమనించినవి కూడా రాస్తే మీకు వీలుగా ఉంటుంది కదా. "మలుపులో టైరు జారబోయే ముందు సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు విన్నాక కాదు, మూలగబోతోందని తెలిసినప్పుడే చెయ్యి వదులు చెయ్యాలి." ఇంకొకటి. "కొత్త టైరు కొత్త కోడలు లాంటిది. మొదటి వంద మైళ్ళు మాట వినదు, ఆ తర్వాత ఇల్లంతా తనదే." ఈ మాటలు మార్చకుండా ఇలాగే రాయాలనిపించింది.

మీ జవాబు కోసం చూస్తుంటాం.

మీ అల్లుడు

*

ఫిబ్రవరి 11

అల్లుడు గారికి,

తమరి కళ్ళజోడు అందింది. నా కళ్ళకేమీ కాలేదు. సొరుగులో పడేశాను.

తమరి ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. మా పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది, ఈయనకేమైనా అయిందా అని. టైరు మూలుగుతుందా? పాపం, దానికి పంటినొప్పా? మూలగబోతోందని తమరికి ముందే తెలుస్తుందా? కొత్త కోడలా? ఇది పెళ్ళాం పక్కన కూర్చుని రాసిన ఉత్తరంలా ఉంది. ఇలాంటి పిచ్చి రాతలు రాసేవాణ్ణి నా ట్రాకు గేటు దగ్గర కాపలాకి కూడా పెట్టుకునేవాణ్ణి కాదు. జన్మలో కారు పక్కకి జారడం ఎరగనివాడు, ఎవరో చెప్పింది విని, పెన్ను దొరికింది కదా అని రాసిన రాత ఇది. చదివితే తెలిసిపోతుంది.

అడిగారు కాబట్టి చెప్తాను, చెవిలో వేసుకోండి. మీలాంటి సరదా రాయుళ్ళు ముందుగా చేసే వెధవ పని రెండే రెండు గాడులున్న రేసు టైర్లు కొనడం. అవి పట్టు ఇవ్వాలంటే నాలుగైదు చుట్లు తిరిగి వేడెక్కాలి. ఒక్క నిమిషం పరుగులో అవి వేడెక్కేలోపు మీరు ఇంటికొచ్చేస్తారు. వాన పడితే నీళ్ళ మీద తేలతాయి. అవి మీకొద్దు. రోడ్డు టైర్లలోనే మెత్త రబ్బరువి ఉంటాయి, పక్కన అరుగుదల నంబరు 200 అని ఉంటుంది. అవి తీసుకోండి. నంబరు తగ్గేకొద్దీ పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. ఏడాదికో ఏడాదిన్నరకో అరిగిపోతాయి, ఏడవకండి. పక్క గోడ గట్టిగా ఉన్నవి చూసుకోండి, లేకపోతే స్టీరింగ్ ఇప్పుడు తిప్పితే కారు రేపు తిరుగుతుంది.

కొట్టువాడు ఏం చెప్పినా నవ్వి, టైరు పక్కన నాలుగంకెలు ఎక్కడున్నాయో వెతకండి. ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం. ఆరేళ్ళు దాటిన టైరు, గాడి ఎంత లోతున్నా సరే, చచ్చిన టైరే. బొటనవేలి గోరు గుచ్చి చూడండి. దిగితే ప్రాణం ఉన్నట్టు.

ఒక్క మాట. మీ ఆవిడకి మాత్రం స్టీరింగ్ ఇవ్వకండి. దానికి చిన్నప్పటి నుంచీ ఈ పిచ్చి ఉంది. పన్నెండేళ్ళప్పుడు నా టైర్ల నోటు పుస్తకం తెరిచిందని చెయ్యి వాచేలా కొట్టి, పుస్తకం ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. అప్పటికి ఒక పేజీ తిప్పిందో లేదో. ఎక్స్‌రేలు తీసుకునేదాన్ని ఎక్స్‌రేలు తీసుకోనివ్వండి.

మామ

*

మార్చి 6

మామయ్య గారికి,

మీరు తిట్టిన తిట్లు మా ఇంట్లో ఇద్దరం పంచుకున్నాం. మీ అమ్మాయి మీ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి పెట్టింది. ఏమైందని అడిగితే, నాన్న మారలేదు అని మాత్రం అంది.

మీరు చెప్పిన 200 నంబరు టైర్లే కొన్నాం. కొట్టువాడు రేసు టైర్లు అంటగట్టబోతే మీ మాటలే వాడి మొహాన కొట్టాను, అంకెలు చూశాను, గోరు గుచ్చాను. పాపం అతను నన్నూ ఏదో పరీక్ష ట్రాకు మనిషే అనుకున్నాడు.

పోయిన ఆదివారం మొదటిసారి వాటితో వెళ్ళాం. పందొమ్మిది కార్లలో నాలుగో స్థానం. పాత టైర్లతో పదహారోది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మొదటి పరుగులో ముందు టైర్లు బయటి అంచు మీదికి బాగా వాలాయి. ఎంత వాలుతాయో తెలియడానికి టైరు భుజం మీద గీసిన సుద్ద గీత పూర్తిగా చెరిగిపోయింది. ముందు రెండు పాయింట్లు, వెనక మూడు పాయింట్లు గాలి పెంచితే తోక తేలిగ్గా తిరిగింది. మూడో పరుగులో సంగతి తెలిసింది. పట్టు పోతోందని చేతులకి తెలిసేసరికే ఆలస్యం, నడుముకి ముందే తెలుస్తుంది. సీటు అరక్షణం ఖాళీ అయినట్టుంటుంది, మెట్టు ఉందనుకుని లేని చోట కాలు పెట్టినట్టు. అక్కడ బ్రేకు జోలికి వెళ్ళకుండా, ఏమీ చెయ్యకుండా ఊరుకోవడమే కష్టం. ఊరుకుంటే కారు తనే సర్దుకుంటుంది.

ఇది కూడా పిచ్చి రాతే అయితే మన్నించండి.

మీ అల్లుడు

*

మార్చి 13

ఒరే అల్లుడూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చివరిసారి సొరుగులోంచి నీ కళ్ళజోడు తీసి పెట్టుకుని మరీ చదివాను. బాగానే చేశావు, ముక్కు మీద బరువు తెలియడం లేదు.

సీటు ఖాళీ అయినట్టుంటుందని నీకెవరు చెప్పారురా? ఎవరూ చెప్పలేదు, నాకు తెలుసు. అది చెప్తే వచ్చేది కాదు. నడుముతో నడిపేవాళ్ళని ముప్ఫై ఏళ్ళలో ఇద్దరినే చూశాను, అందులో ఒకణ్ణి అద్దంలో. నువ్వు మూడోవాడివి. ఏమీ చెయ్యకుండా ఊరుకోవడమే కష్టం అన్నావే, ఆ మాట దగ్గర ఉత్తరం పక్కన పెట్టి కాసేపు వాకిట్లోకి వెళ్ళొచ్చాను. మొన్నటి ఆ మూలుగుడు రాతలు రాసిన చెయ్యీ ఇదీ ఒకటేనంటే నమ్మలేకపోతున్నాను. అప్పుడు ఎక్కడో చదివింది ఎక్కించి ఉంటావు, ఇప్పుడు నీది నువ్వు రాశావు. ఇక మీదట నీదే రాయి.

ఇనప్పెట్టెలో నోటు పుస్తకం ఉందన్నానే. నేను తిప్పిన ప్రతి టైరూ అందులో ఉంది. ఎండలో, వానలో, ఎంత గాలితో, ఎలా జారింది, ఎందుకు జారింది. కంపెనీ వాళ్ళు అడిగినా ఇవ్వలేదు. నాతోపాటు పోతుందనుకున్నాను. అది నీకిస్తాను.

దేవుడు నాకు కొడుకునివ్వాల్సిన చోట ఎక్స్‌రేలు తీసే కూతురినిచ్చాడు. దాన్ని చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళకి తన తప్పు దిద్దుకున్నాడు. ఈ మాట దానికి చదివి వినిపించినా నాకేం అభ్యంతరం లేదు.

గాలి లెక్కలు రాస్తూ ఉండు. పరుగుకి ముందు ఎంత, తర్వాత ఎంత, రెండూ కావాలి.

నీ మామ

*

మార్చి 20

మామయ్య గారికి,

మీరు మొదటిసారి నన్ను "ఒరే" అన్నారు. అది చదివి నాకు ఎంత సంతోషం వేసిందో, వెంటనే అంత సిగ్గేసింది. ఆ ఉత్తరాన్ని పైకి చదివింది మీ అమ్మాయే. దేవుడి తప్పు దాకా గొంతు మారకుండా చదివి, మడిచి, గిన్నెలు కడగడానికి వెళ్ళింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మామయ్య గారూ, కారు నడిపేది నేను కాదు. మీ అమ్మాయి. మొదటి రోజు నుంచీ తనే. నేను కోన్లు పడితే నిలబెట్టే జట్టులో ఉంటాను. ఒక్కసారి నడిపాను, పందొమ్మిది మందిలో ఇరవయ్యోవాణ్ణి నేను. ఉత్తరాల్లో టైర్ల గురించి ఉన్న ప్రతి మాటా తను చెప్తే నేను రాసింది. తన పేరు చెప్తే మీరు జవాబే ఇవ్వరని నా పేరుతో రాశాం. మీరు ఎప్పటికైనా కనిపెడతారని, కనిపెట్టినప్పుడు ఏమంటారో చూద్దామని తను ఆశపడింది. ఎలా కనిపెడతారని అడిగితే, ఆయనకి తెలుస్తుందిలే అంది.

ఇది రాయొద్దని నాతో దెబ్బలాడింది. రాయకుండా ఉండలేకపోయాను. ఆ నోటు పుస్తకం నాకిస్తానన్నారు. నేను తీసుకుంటే దొంగనవుతాను. అది తనకి రావాల్సింది. ఏప్రిల్ 14న ఈ సీజనుకి ఆఖరి కోన్ల పోటీ. ఆ లోపు తనకి ఒక్క వాక్యం రాయండి. మూడోవాడివి అన్నారు కదా, ఆ మాటే తన పేరు పెట్టి రాస్తే చాలు. తనకి ఇంకేమీ అక్కర్లేదు, నాకు తెలుసు.

మీ అల్లుడు

*

మార్చి 28

అల్లుడు గారికి,

తమరిద్దరూ కలిసి ఒక ముసలాణ్ణి కూర్చోబెట్టి ఆడించారు. బాగుంది. నేను వాకిట్లోకి వెళ్ళొచ్చిన సంగతి చదువుకుని ఎంత నవ్వుకున్నారో. పెళ్ళాం డ్రైవరు, మొగుడు కోన్లు ఏరేవాడు. ఇలాంటి ఇంట్లో అద్దాలు కూడా తలకిందులుగా తగిలిస్తారేమో. పందెంలో కారు తిప్పే ఆడదాన్ని జనం చూసేది కారు కోసం కాదని మీకెవరూ చెప్పలేదా, లేక తెలిసే నిలబెడుతున్నారా?

దానికి ఒక్క వాక్యం రాయమన్నారు. రాయను.

ఏప్రిల్ 1. ఈ ఉత్తరం నాలుగు రోజులు పోస్టు చెయ్యకుండా ఉంచాను. కోపం తగ్గింది. మీరు నమ్మకపోతే ఏం చెయ్యలేను. పోటీకి వెళ్ళాలని దానికి అంత ఉంటే వెళ్ళనివ్వండి. పార్సిల్ లారీలో నాలుగు టైర్లు పంపుతున్నాను. కంపెనీలో ఉన్నప్పుడు నా కోసం ప్రత్యేకంగా తీసి పెట్టుకున్నవి. మీ కారు సైజే. ఒక్క మైలు తిరగలేదు, గాడులు చూస్తే మీకే తెలుస్తుంది. ఇవి ఉంటే ఆ 200 నంబరువి ఎందుకూ పనికిరావు.

బిగించేటప్పుడు ఒక పద్ధతి ఉంది. అంకెలున్న వైపు లోపలికి రావాలి. ఈ రకానికి అంతే. షాపువాడు వాదిస్తే నేను చెప్పానని చెప్పండి. దానికి ముందుగా చూపించకండి. ఆడవాళ్ళకి అన్నిటిలో వేలు పెట్టి చూడటం అలవాటు. పోటీ రోజు పొద్దున చూస్తుంది, నాన్న పంపాడని సంతోషిస్తుంది.

మామ

*

ఏప్రిల్ 10

అల్లుడూ,

టైర్లు అందాయని ఒక్క ముక్క రాలేదు. బిగించారా? బిగించకపోతే తొందరేమీ లేదు, పాతవాటితోనే కానివ్వండి. బిగించి ఉంటే మాత్రం అవి కోన్ల దగ్గరికే. పెద్ద ట్రాకు మీదికి తీసుకెళ్ళొద్దు. వాన పడేలా ఉంటే కారు బయటికే తీయొద్దు. ఎందుకని అడగొద్దు, చెప్పింది చెయ్యండి.

నేను అనుకున్నది ఏమిటంటే, ఒక నిమిషం పరుగులో, అందరూ చూస్తుండగా, నాలుగు కోన్లు పడి కారు గిర్రున తిరిగితే ఎవరికీ దెబ్బ తగలదు. మనిషికి కాస్త బుద్ధొస్తుంది, అంతే. ఇంతకంటే విడమరిచి రాయలేను.

నోటు పుస్తకం కూడా ఇవాళే పంపుతున్నాను. మీ పేరు మీదే. ఆ ఇంట్లో ఎవరు చదువుకుంటారో నాకు అనవసరం.

ఈ ఉత్తరం అందగానే నాకు ఫోన్ చెయ్యండి. వినిపించకపోయినా ఎత్తుతాను.

మామ

*

ఏప్రిల్ 22

నాన్నా,

నువ్వు నాకు రాయనన్నావు, నేను రాస్తున్నాను. నీ 10వ తారీఖు ఉత్తరం మాకు 15న అందింది. పోటీ 14న.

గోదాము వాళ్ళు ఆ రోజు స్థలం ఇవ్వడానికి వీల్లేదన్నారు. నిర్వాహకులు అందరినీ పెద్ద ట్రాకుకి రమ్మన్నారు. పొద్దున్నుంచీ సన్నగా వాన. నీ అల్లుడు ముందే కారు తీసుకెళ్ళారు, వెనకాల నేను చేరుకోగానే నా కళ్ళు మూసి కారు దగ్గరికి తీసుకెళ్ళి, మీ నాన్న పంపారు చూడు అన్నారు. పండగలా ఉంది ఆయన మొహం. నేను వంగి గోరు గుచ్చాను. దిగలేదు. ఇంకో టైరు చూశాను, అదీ అంతే. అంకెల కోసం వెతికితే బయటి వైపు లేవు; నువ్వు చెప్పావని లోపలికి పెట్టించారట, నువ్వు పంపినవి కదా అని చూడనైనా లేదట. ఇవి చచ్చిన టైర్లు, నేను నడపను అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అటక మీద ఉండి గట్టిపడ్డాయి, తిరిగితే మెత్తబడతాయి అన్నారు. నేను తల అడ్డంగా ఊపుతుంటే, "కన్న తండ్రి కూతుర్ని చంపుకుంటాడా?" అని అడిగారు. నా దగ్గర జవాబు ఉంది, కానీ ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

నువ్వు మనసు మార్చుకున్నావని నాకు నిరూపించడానికి ఆయనే ఎక్కారు. నాలుగు చుట్లు మెల్లగా తిప్పి, చూశావా అన్నట్టు నాకు చెయ్యి ఊపారు. ఐదో చుట్టులో మూడో మలుపు దగ్గర కారు ఆయన మాట వినలేదు. ట్రాకు పక్కన గోడలా పేర్చిన పాత టైర్లకి గుద్దుకుని పక్కకి ఒరిగింది. ఒరగడం వల్ల లోపలి వైపు అంకెలు బాగా కనిపించాయి. పదకొండేళ్ళు.

ఎక్స్‌రేలు నేనే తీశాను. భుజం ఎముక విరిగింది, అది అతుక్కుంటుంది. కుడి మణికట్టులో మూడు చిన్న ఎముకలు నలిగిపోయాయి. చెయ్యి కదులుతుంది గానీ, సన్న స్క్రూ పట్టుకుని తిప్పే పట్టు రాదని డాక్టరు చెప్పాడు. కొట్టు మూసేశాం. ఆయన నిన్ను ఒక్క మాట అనలేదు. నీ ఉత్తరాలు దిండు కింద పెట్టుకున్నారు, ఒరే అని పిలిచింది పైన. పదో తారీఖు ఉత్తరం మాత్రం ఆయనకి నేనింకా చూపించలేదు. కోన్లు పడితే చాలనుకున్నావని నేను నమ్ముతాను. నాలుగు కోన్లు పడి, నేను నలుగురిలో తల దించుకుని, ఇంటికొచ్చి గిన్నెలు కడుక్కోవాలి, అంతేగా. దానికి అన్ని టైర్లు ఎందుకు నాన్నా, ఉత్తరాలు చాలవా?

నోటు పుస్తకం పార్సిల్ తిప్పి పంపుతున్నాను. తాడు విప్పలేదు. విప్పే అవసరం లేదు. పన్నెండేళ్ళప్పుడు నేను ఒక పేజీ తిప్పాననుకున్నావు. నువ్వు పట్టుకున్న రోజుకి వేసవంతా అయిపోయింది. నువ్వు డ్యూటీకి వెళ్ళగానే తీసి, వచ్చేలోపు పెట్టేసేదాన్ని. మూడుసార్లు చదివాను. అమ్మ వాకిట్లో కాపలా ఉండేది.

మొదటి ఉత్తరంలో మూలిగే టైరూ కొత్త కోడలూ నేను కల్పించినవి కావు, ఎవరో చెప్తే విన్నవీ కావు. అవి నీవి. ఇరవయ్యారేళ్ళప్పుడు నువ్వు నీ చేత్తో రాసుకున్నవి. ఒక్క అక్షరం మార్చకుండా రాయమని ఆయనకి చెప్పింది నేనే. ఆ పుస్తకం చదివింది ప్రపంచంలో నువ్వు కాక నేనొక్కదాన్నే కదా. చూడగానే నీ మాటలు గుర్తుపడతావు, పంపింది ఎవరో తెలుసుకుంటావు, అప్పుడు నాకే రాస్తావు అనుకున్నాను. జన్మలో కారు జారడం ఎరగనివాడి పిచ్చి రాత అన్నావు. నువ్వు నాలుగుసార్లు చదివి వాకిట్లోకి వెళ్ళొచ్చావే, అది మాత్రం నాది.

నమ్మకపోతే నలభై ఒకటో పేజీ తియ్యి, పైనుంచి మూడో వరుస. కోడలు యాభై ఎనిమిదిలో ఉంది. ఆయన చేసిచ్చిన కళ్ళజోడు పెట్టుకుని చదువు. జాగ్రత్తగా వాడు, అలాంటిది ఇంకొకటి చేసే చెయ్యి ఇప్పుడు లేదు.

మూడోది